పిడుగు ఎక్కడ పడుతుందో తెలిశాక

మహీధర నళినీ మోహన్ గారి పేరు మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఆయన పుస్తకాల నించి ఉదాహరణలు తీసుకుని పాఠం చెప్పిన మాస్టర్లు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ పిలుపు నాకు పెద్ద గౌరవం.

ఆయన 1933లో కోనసీమలోని ముంగండలో పుట్టారు. జగన్నాథ పండితరాయల ఊరది. నవలలు, ఉద్యమాలు, పత్రికలు తెలిసిన కుటుంబం మహీధర వారిది. మాస్కోలో పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా పనిచేశారు. 2005లో మనల్ని విడిచి వెళ్ళారు. పగలంతా ప్రయోగశాలలో ఉండి, మిగిలిన వేళల్లో పల్లెటూరి పిల్లవాడికి అర్థమయ్యే తెలుగులో సైన్సు రాశారు. ఆ పుస్తకాల పేర్లలో ‘కథ’ అన్న మాట తరచు కనిపిస్తుంది: ‘కేలెండర్ కథ’, ‘పిడుగు దేవర కథ’. ఆయనకి సైన్సంటే కార్యకారణాల కథే. ఇది జరిగింది కాబట్టి అది జరిగింది, అది జరిగింది కాబట్టి మనం ఇలా చెయ్యాలి అని ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోవడమే ఆయన పద్ధతి.

ఆ పిడుగునే ఇవాళ్టి నా విషయంగా ఎంచుకున్నాను. పుస్తకంలో ఏముందో మళ్ళీ అప్పజెప్పను, దొరికితే చదవండి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. పిడుగు సుమారుగా ఎప్పుడు, ఏ ప్రాంతంలో పడవచ్చో ముందే పసిగట్టే యంత్రాలు మనకి వచ్చేశాయి. అయినా మన పొలాల్లో మనుషులు చనిపోతూనే ఉన్నారు. హెచ్చరికకీ మనిషికీ మధ్య ఒక అంతరం మిగిలిపోయింది. అందులో కొంత ‘ఎందుకు’ అన్నది చెప్పకపోవడం వల్ల వచ్చింది, కొంత వెళ్ళి నిలబడే చోటు లేకపోవడం వల్ల వచ్చింది. నళినీ మోహన్ గారి లాంటి వారు చేసిన పనిని మనం సాహిత్యం ఖాతాలో వేసి దండలు వేస్తున్నాం. నా దృష్టిలో అది ప్రాణరక్షణ ఖాతాలో రాయాల్సిన పని.

1

ముందు కొంచెం వెనక్కి వెళదాం. ఉరిమినప్పుడు ‘అర్జునా, ఫల్గుణా’ అని మన నాయనమ్మలు అర్జునుడి పేర్లు తలుచుకునేవారు. ఇది మన దేశానికే పరిమితమైన అమాయకత్వం అనుకోవద్దు. యూరప్‌లో కొన్ని వందల ఏళ్ళ పాటు పిడుగుల వాన మొదలవగానే చర్చి గంటలు మోగించేవారు. ఆ శబ్దానికి పిడుగు బెదిరిపోతుందని నమ్మకం. ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తయిన కట్టడం చర్చి శిఖరం. అందులో లోహపు గంట, దాని నించి వేలాడే తడిసిన తాడు, ఆ తాడు పట్టుకుని ఒక మనిషి. 1784లో మ్యూనిక్‌లో అచ్చయిన ఒక పుస్తకం లెక్క చెప్పింది: 33 ఏళ్ళలో 386 చర్చి శిఖరాల మీద పిడుగులు పడ్డాయి, గంట కొడుతూ 103 మంది పోయారు. ఊరిని కాపాడుతున్నామనుకునే వాళ్ళే పోయారు.

అప్పటికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ పిడుగు అంటే విద్యుత్తేనని ఊహించి మూడు దశాబ్దాలు దాటింది. ఆయన సూచించిన ప్రయోగాన్ని ఆయనకన్నా ముందే ఫ్రాన్సులో చేసి చూశారు. 1752 మే 10న పారిస్ దగ్గరి మార్లీ అనే ఊళ్ళో దాలిబార్ పాతించిన పొడవాటి ఇనుప కడ్డీ నించి మబ్బు వేళ నిప్పురవ్వలు వచ్చాయి. గాలిపటం కథ అందరికీ తెలిసిందే. తెలియాల్సిన పేరు ఇంకొకటుంది: గేయోర్గ్ రిచ్‌మన్. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఈయన ఇంటి పైకప్పు మీద కడ్డీ నిలబెట్టి, తీగని గదిలోకి తెచ్చి, విద్యుదావేశాన్ని కొలిచే పరికరానికి కలిపాడు. ఆ తీగని నేలలోకి దించలేదు. 1753 ఆగస్టులో ఉరుములు వినబడగానే కొలత చూడటానికి పరికరం మీదికి వంగాడు. ప్రాణం అక్కడికక్కడే పోయింది.

ఒకే కడ్డీ, ఒకే మబ్బు. తీగ చివర నేలలో ఉంటే ఇల్లు నిలబడుతుంది, గదిలో ఉంటే మనిషి పోతాడు. పిడుగు విద్యుత్తు అని తెలుసుకోవడంతో ఆగకూడదు, అది ఏ దారిన నేలకి పోతుందో కూడా తెలియాలి. రిచ్‌మన్ మరణం శాస్త్రానికి నేర్పిన పాఠం అదే. 270 ఏళ్ళు గడిచాయి. మన రైతుకూలీకి ఆ పాఠం ఇంకా పూర్తిగా అందలేదు.

2

ఇక మబ్బులోకి వెళదాం. విద్యార్థులు ఈ భాగం శ్రద్ధగా వినాలి. తర్వాత చెప్పేదంతా దీని మీదే నిలబడుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో నేల కాగిపోతుంది. బంగాళాఖాతం మీది నించి తడిగాలి వస్తుంది. ఆ తడిగాలి వేడెక్కి పైకి లేచి మబ్బుగా పెరుగుతుంది. మామూలు మబ్బులా పరుచుకోకుండా నిట్టనిలువుగా లేచి, ఒక్కోసారి 12, 15 కిలోమీటర్ల ఎత్తుకి పోతుంది. అంత ఎత్తులో నీరు నీరుగా ఉండదు. సన్నని మంచు పలుకులు కొన్ని, వాటికన్నా బరువైన మెత్తని వడగళ్ళు కొన్ని. గాలి పలుకుల్ని పైకి తోస్తుంటే వడగళ్ళు కిందికి దిగుతుంటాయి. దారిలో ఒకదానికొకటి తగిలి ఆవేశాలు మార్చుకుంటాయి. పలుకులు ధనావేశంతో మబ్బు నెత్తికి చేరతాయి, వడగళ్ళు ఋణావేశంతో కింది భాగంలో మిగులుతాయి. ఇంతవరకు శాస్త్రవేత్తలకి గట్టి నమ్మకమే ఉంది. మొదటి రవ్వ ఎలా రాజుకుంటుందన్న దాని మీద మాత్రం ఇప్పటికీ వాదాలున్నాయి. మబ్బులో కొలిచిన విద్యుత్ క్షేత్రం, గాలిని చీల్చడానికి కావాల్సినంత బలంగా కనబడటం లేదు. మీలో ఎవరైనా పరిశోధనకి పోతే ఇది ఇంకా తెరిచి ఉన్న ప్రశ్న.

మబ్బు అడుగు నించి బయలుదేరిన ఆవేశం ఒక్క గెంతులో కిందికి రాదు. సుమారు 50 మీటర్ల చొప్పున అంగలు వేస్తూ, కొమ్మలు చీలుతూ, దారి వెతుక్కుంటూ దిగుతుంది. ఇదంతా సెకనులో కొన్ని వందో వంతుల్లో అయిపోతుంది. అది నేలకి దగ్గరవుతుంటే కింద ఎత్తుగా ఉన్న ప్రతి వస్తువు నించి, చెట్టు నించి, కరెంటు స్తంభం నించి, బీడులో నిలబడ్డ గొర్రెల కాపరి తల నించి, చిన్న విద్యుత్ ధార పైకి లేస్తుంది. పై నించి వచ్చేదీ కింద నించి లేచేదీ ఎక్కడ కలుస్తాయో అక్కడే పిడుగు. అప్పుడు సుమారు 30,000 ఆంపియర్ల కరెంటు పారుతుంది. మన ఇంట్లో ఏసీ లాగేది ఏడో ఎనిమిదో ఆంపియర్లు. ఆ దారిలో గాలి 30,000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం కన్నా అది ఐదు రెట్లు ఎక్కువ. అలా ఒక్కసారిగా వ్యాకోచించిన గాలి చప్పుడే ఉరుము.

ఇందులో ఒక చిన్న విషయాన్ని పట్టుకోండి. నేలకి వంద మీటర్ల లోపుకి వచ్చేదాకా కింద ఏముందో పిడుగుకి పట్టదు. అంటే మెడలో గొలుసుందా, చేతిలో ఫోనుందా అన్నది లెక్కలోకి రాదు. చుట్టుపక్కల ఏది ఎత్తుగా, ఒంటరిగా ఉందన్నదే లెక్క.

పడ్డాక ఏమవుతుంది? అసలు ప్రాణాలు పోయేది ఇక్కడే. నేరుగా నెత్తిన పడి చనిపోయేవారు నూటికి ఐదుగురిని మించరని వైద్యుల అంచనా. సగం మంది దాకా పోయేది నేలలో పాకే కరెంటు వల్ల. మరికొందరు చెట్టు నించి పక్కకి దూకే కరెంటు వల్ల. చెట్టు మొదట్లో దిగిన విద్యుత్తు, చెరువులో రాయి వేస్తే అలలు పరుచుకున్నట్టు, నేలలో నాలుగు వైపులా పరుచుకుంటుంది. దూరం పోయేకొద్దీ దాని వోల్టేజి తగ్గుతుంది. మీ రెండు కాళ్ళు దూరంగా ఉంటే ఒక కాలి దగ్గర ఎక్కువ వోల్టేజి, రెండో కాలి దగ్గర తక్కువ. ఆ తేడా మీ ఒంట్లోంచి కరెంటుని పారిస్తుంది. పశువుకి ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ మధ్య దూరం ఇంకా ఎక్కువ, పైగా గుండె ఆ దారిలోనే ఉంది. అందుకే ఒక్క పిడుగుకి గొర్రెల మందంతా పడిపోయిందని పేపర్లో చదువుతుంటాం. 2016 ఆగస్టులో నార్వేలోని హర్దంగర్‌విద్దా పీఠభూమి మీద వర్షానికి ఒకచోట ముడుచుకున్న రెయిన్‌డీర్ మందలో 323 జంతువులు ఇలాగే చచ్చిపోయాయి.

3

ఇప్పుడు మన హెచ్చరికల భాష చూద్దాం. వేసవి రాగానే పత్రికల్లో, గోడల మీద జాబితాలు కనబడతాయి. చెట్ల కింద ఉండకండి. గుంపుగా ఉండకండి. నేల మీద పడుకోకండి. పాదాలు దగ్గరగా పెట్టుకుని గొంతుక్కూర్చోండి. స్తంభాలకి దూరంగా ఉండండి. సెల్‌ఫోన్ ఆపేయండి. పదిపన్నెండు ఆజ్ఞలుంటాయి, ఒక్కదానికీ కారణం ఉండదు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్న సామెత మనదే కదా! టౌన్లో బాల్కనీలో నిలబడ్డవాడికీ, నడుములోతు జొన్నచేలో ఉన్నవాడికీ అదే జాబితా.

కారణం లేని ఆజ్ఞ అవసరం వచ్చిన నిమిషంలో గుర్తురాదు. వాన చినుకు మీద పడగానే మనిషి చెట్టు వైపే పరుగెడతాడు. తరతరాలుగా చెట్టే మన గొడుగు కాబట్టి, ‘వద్దు’ అన్న రెండక్షరాలు ఆ అలవాటుని ఆపలేవు. అదే, పిడుగు చెట్టులోంచి దిగి నేలలో పరుచుకుంటుందని ఒక్కసారి మనసుకి పడితే పైన చెప్పిన ఆజ్ఞల్లో చాలావాటిని ఆ మనిషి తనంతట తనే కట్టుకోగలడు. చెట్టు ఎందుకు వద్దో తెలుస్తుంది. పడుకుంటే ఎక్కువ నేలని తాకుతాం కాబట్టి ఎందుకు పడుకోకూడదో తెలుస్తుంది. పదిమంది ఒకచోట ఉంటే ఒక్క దెబ్బకి పదిమందీ పడతారని తెలుస్తుంది. మేకల్ని చెట్టుకి కట్టకూడదనీ తెలుస్తుంది. ఆ చివరిది జాబితాలో లేదు, చూశారా? ఒక్క కారణం తెలిసిన మనిషి, జాబితా రాసినవాడికి తట్టని జాగ్రత్తని కూడా తీసుకుంటాడు. నళినీ మోహన్ గారి ‘కథ’ బలం అదే.

కారణం తెలియకపోతే జాబితాలో చేరిన తప్పుని పట్టుకోవడం కూడా కుదరదు. సెల్‌ఫోన్ సంగతే తీసుకోండి. తీగతో గోడకి కలిసిన పాత ఫోను ప్రమాదమే, పిడుగు తీగ వెంట రాగలదు. చేతిలోని సెల్‌ఫోన్ పిడుగుని పిలవదు. పైగా హెచ్చరిక వచ్చేది దాని మీదే, ఎవరైనా పడిపోతే 108కి చెయ్యాల్సిందీ దానితోనే. దాన్ని ఆపెయ్యమని చెప్పడం అంటే చేతిలో ఉన్న ఒక్క సాయాన్నీ లాగేసుకోవడం. గొంతుక్కూర్చోవడం సంగతీ అంతే. అది ఎటూ పోలేని మనిషికి ఆఖరి ఉపాయం మాత్రమే. దాన్నొక రక్షణగా బొమ్మలేసి నేర్పితే, నాలుగు వందల గజాల్లో పక్కా ఇల్లున్నా మనిషి గట్టు మీదే కూర్చుండిపోతాడు.

ఇంతకన్నా బాధ కలిగించేది పడ్డాక జరిగేది. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉంటుందని భయపడి ఎవరూ ముట్టుకోరు. ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్ పల్లెల్లో పేడలో మెడదాకా పూడ్చిపెట్టిన ఘటనలు పత్రికల్లో వచ్చాయి. కరెంటు క్షణంలో నేలలోకి పోతుంది, ఒంట్లో నిలవ ఉండదు. ముట్టుకుంటే ఏమీ కాదు. పిడుగు దెబ్బ తిన్నవాళ్ళలో చాలామంది బతుకుతారు. పోయేవాళ్ళలో ఎక్కువమందికి ఆగేది గుండె. ఆ నిమిషాల్లో ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, వేగంగా నొక్కుతూ, అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా ఉంటే తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఈ సభలో ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులున్నారని విన్నాను. మీరు ఈ ఏడాది ఒక్క ఊళ్ళో అయినా ఇది నేర్పించండి, చేతులెత్తి అడుగుతున్నాను.

4

యంత్రాల గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది, అక్కడ చాలా మంచి పని జరిగింది. ప్రతి మెరుపూ రేడియో తరంగాల్ని వెదజల్లుతుంది. రేడియోలో వినబడే గరగర అదే. ఆ తరంగం వేర్వేరు ఊళ్ళలోని గ్రాహకాలకి సెకనులో అతి చిన్న భాగాల తేడాతో చేరుతుంది. ఆ తేడాల్ని లెక్కగడితే పిడుగు ఎక్కడ పడిందో తెలుస్తుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ ఇలాంటి గ్రాహకాల్ని దేశమంతా నెలకొల్పి, ‘దామిని’ యాప్ ద్వారా చుట్టుపక్కల పడుతున్న పిడుగుల్ని చూపిస్తోంది. మచిలీపట్నం, విశాఖ, హైదరాబాదుల్లో డాప్లర్ రాడార్లు మబ్బు ఎదుగుదలని చూస్తుంటాయి. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో సహా తెలుగులో హెచ్చరికలు పంపుతోంది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని ఆ సంస్థ లెక్క ఇచ్చింది. ఒక తరం కిందట ఇలాంటి లెక్క ఊహకి కూడా అందేది కాదు.

అయినా జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకి 2,887 మంది చనిపోయారు. ప్రకృతి వైపరీత్యాలకి బలైనవారిలో మూడో వంతుకి పైగా వీళ్ళే. తుఫానుకి మనం పదిమందినీ కాపాడుకోవడం నేర్చుకున్నాం. 1977 దివిసీమ ఉప్పెనలో పోయిన వేలమందిని తలుచుకుని, ఇవాళ అంత గాలివానలోనూ మరణాలు ఎంత తగ్గాయో చూడండి. తుఫానుకి రెండుమూడు రోజుల వ్యవధి ఉంటుంది, షెల్టరుంటుంది, ఖాళీ చేయించే వీఆర్వో ఉంటాడు. పిడుగు మబ్బు ఎదిగేది అరగంటలో, గంటలో. షెల్టరు లేదు, పిలిచేవాడు లేడు. ఒకేసారి నలుగురైదుగురు తప్ప పోరు కాబట్టి పత్రికలో మూడో పేజీ దాటదు.

హెచ్చరిక చివర ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది, సురక్షితమైన భవనంలోకి వెళ్ళమని. పల్నాడులో మిరపకోతకి ఊరికి మూడు కిలోమీటర్ల అవతల దిగిన ముఠాలో ఒక ఆడమనిషి ఈ మాట విని నన్ను అడిగింది: “ఏడుంది సారూ ఆ బిల్డింగు?” చుట్టూ చూశాను. ఒక మోటారు షెడ్డు, ఒక వేపచెట్టు, ఒక ట్రాలీ ఆటో. రేకుల షెడ్డు, గోడలు లేని పాక, ఆటో, టాపు లేని ట్రాక్టరు, ఏవీ రక్షణ కావు. గోడలూ శ్లాబూ ఉన్న గది, లేదంటే లోహపు పైకప్పుతో తలుపులన్నీ మూసుకునే కారో బస్సో కావాలి. ఆమెకి నేను జవాబు చెప్పలేకపోయాను. జవాబు చెప్పాల్సింది ప్రభుత్వమూ భూస్వామీను.

కొందరు తాటిచెట్లని జవాబుగా చూపుతున్నారు. ఒడిశా ప్రభుత్వం 2024లో 19 లక్షల తాటిచెట్లు నాటించాలనుకుంది. ఎత్తయిన తాడి పిడుగుని తన మీదికి తీసుకుంటుందని ఆలోచన. మన గట్ల మీది తాళ్ళని ఇటుక బట్టీలకి నరికేసుకున్న మనం ఆ చెట్టుని మళ్ళీ పెంచితే నాకు సంతోషమే. కానీ టెంక మొలిచి ఆ ఎత్తుకి రావడానికి ఇరవై ఏళ్ళు కావాలి. 2016 తర్వాత ఇదే పని మొదలుపెట్టిన బంగ్లాదేశ్ 2022 నాటికి వదిలేసుకుంది. పైగా ఎండకీ వానకీ కాపరి చేరేది ఆ తాటిచెట్టు నీడకే, గీత కార్మికుడు పని చేసేది దాని నెత్తి మీదే. పిడుగు ఆ చెట్టు నించి నేలలో ఎలా పరుచుకుంటుందో చెప్పకుండా చెట్టు మాత్రం పెంచితే మరిన్ని ప్రాణాలు పోతాయి.

5

చివరిగా, ఇప్పుడున్న వాటితోనే చెయ్యగలిగిన పని.

మొదటిది చోటు. తెలంగాణలో రైతు వేదికలున్నాయి, ఆంధ్రలో రైతు సేవా కేంద్రాలున్నాయి. వాటిలో చాలావరకు పక్కా కట్టడాలు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి అవి, బడి గదులు సరిపోతాయి. ఏప్రిల్ నించి జూన్ వరకు మధ్యాహ్నం వేళ వాటికి తాళం వేయకూడదు. దూరపు పొలాలకి, మేత బీళ్ళకి మాత్రం చిన్న గదులు కట్టాల్సిందే. ఒక గది, పైన కడ్డీ, దాన్ని సరిగ్గా నేలలోకి దించిన రాగి తీగ. రిచ్‌మన్ చేసిన పొరపాటు జరగకుండా ఏటా ఆ ఎర్తింగ్‌ని కొలిచే మనిషి ఒకరు ఉండాలి. లేకపోతే ఆ గదే ప్రమాదం.

రెండోది సమయం. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్ఫై లోపే ఉరుము వినబడితే పిడుగు మీ దాకా రాగల దూరంలో ఉంది. వాన మొదలు కాకపోయినా సరే, కదలాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు. వాన వెలిసిందని వెంటనే చేలోకి దిగినవాళ్ళు పోయిన సందర్భాలు ఎన్నో. ఇది ఐదో తరగతి పిల్లవాడికి నేర్పితే ఇంటిల్లిపాదికీ చెబుతాడు. అర్జునుడి పేర్లు తలుచుకునే అలవాటున్న ఇంట్లో ఆ పేర్లు లోపలికి వెళ్ళాక తలుచుకోమనండి.

మూడోది కూలి. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. పని మధ్యలో గంటన్నర ఆగితే ఆ గంటన్నర కూలి ఎవరిస్తారు? హెచ్చరిక కూలీ ఫోనుకి వస్తుంది, పని ఆపే అధికారం మాత్రం ముఠా మేస్త్రిది, రైతుది. ఎకరానికింత అని గుత్తకి ఒప్పుకున్న ముఠా ఉరుములు వినబడితే మరింత జోరుగా పని చేస్తుంది, వాన పడేలోపు ముగించాలని. వాళ్ళకి పిడుగు గురించి ఎంత చక్కగా చెప్పినా, పొట్ట దగ్గర ఆ జ్ఞానం ఓడిపోతుంది. కాబట్టి హెచ్చరిక మొదట చేరాల్సింది పని ఆపగలిగినవాడికి, ఆ మాట అనగలిగే అధికారంతో సహా.

ఉపాధి హామీ పనుల్లో ఇది రేపే మొదలుపెట్టొచ్చు. అక్కడ మేట్ రోజూ తన ఫోనులోనే కూలీల ఫొటోలు తీసి హాజరు పంపుతున్నాడు. ఏ పని ఎక్కడ జరుగుతోందో, ఎంతమంది ఉన్నారో, ఏ వేళకి ఉన్నారో సర్కారు దగ్గర అప్పటికప్పుడు నమోదవుతోంది. మబ్బు ఎటు పోతోందో ఇంకో కార్యాలయంలో నమోదవుతోంది. ఈ రెండు లెక్కల్నీ ఒకచోట కలిపి, ఆ మబ్బు దారిలో ఉన్న మేట్‌కి ‘పని ఆపించు, ఫలానా గదికి తీసుకుపో, ఈ గంటల కూలి తగ్గదు’ అని తెలుగులో ఫోను చెయ్యాలి. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు. ఆ మూడో మాట, కూలి తగ్గదన్నది, ఒక జీవో కాగితం మీదికి రావాలి. ఈ సభలో జిల్లా అధికారులున్నారు. ఆ జీవో ముసాయిదా రాయడానికి భౌతికశాస్త్రం తెలిసినవాళ్ళ సాయం కావాలంటే, ఇక్కడున్న మాస్టర్లం అందరం సిద్ధంగా ఉన్నాం.